సైకిల్ లెక్కలు - మూడో పాఠం: పదిహేను వేల లోపు ఫోన్

రెండో పాఠంలో ఇచ్చిన పని చేశారా? టైరు మీద సుద్దగీత గీసి, సీటు మీద కూర్చుని, సైకిల్‌ని సరిగ్గా ఒక చుట్టు ముందుకు పోనిచ్చి, నేల మీద పడ్డ రెండు గీతల మధ్య దూరాన్ని టేపుతో కొలవమన్నాను. 700 బై 28 టైరు అయితే 2,136 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ వచ్చి ఉండాలి. పది, ఇరవై తేడా వస్తే గాలి తక్కువై ఉండొచ్చు. వంద తేడా వస్తే మళ్లీ కొలవండి. ఆ అంకెతో ఈ పాఠం చివర్లో పని పడుతుంది.

ఈసారి, సైకిల్ తొక్కిన దారినీ దూరాన్నీ రికార్డు చేసే ఫోన్ సంగతి. ముందు నాకు జరిగింది చెప్తాను. కొన్నేళ్ల కిందట ఒక ఆదివారం తెల్లవారుజామున హైదరాబాద్ శివార్లలోని అప్పా జంక్షన్ దగ్గర రికార్డింగ్ యాప్ ఆన్ చేసి, కొత్త ఫోన్‌ని వెనక జేబులో పెట్టుకుని అనంతగిరి బయల్దేరాను. వికారాబాద్‌లో టీ కోసం ఆగి ఫోన్ తీసి చూస్తే, మొయినాబాద్ దాకా బుద్ధిగా రోడ్డు మీదే ఉన్నాను. అక్కణ్నుంచి టీ కొట్టు దాకా ఒకటే గీత. పొలాల మీదుగా, చెరువుల మీదుగా, పక్షిలా ఎగిరొచ్చినట్టు! చేవెళ్ల మర్రిచెట్ల కింద తొక్కిన తొక్కుడంతా లెక్కలో లేదు.

చిప్ చవకది, అందుకే జీపీఎస్ ఇలా ఏడ్చిందని నెల రోజులు తిట్టుకున్నాను. తర్వాత తెలిసింది, జీపీఎస్ తప్పు కాదని. స్క్రీన్ ఆరిపోయిన కాసేపటికి బ్యాటరీ మిగుల్చుదామని ఫోనే యాప్‌ని ఆపేసింది. టీ కొట్టు దగ్గర స్క్రీన్ వెలగగానే యాప్ మేలుకుని, ఆగిన చోటినీ ఉన్న చోటినీ గీతతో కలిపేసింది. చవక ఫోన్లలో నాకు తెలిసినవాళ్లు పడిన ఇబ్బందుల్లో సగానికి పైగా ఇవే. కాబట్టి ఫోన్ ఎంచుకునేటప్పుడు నేను ముందు అడిగే ప్రశ్న జీపీఎస్ ఎంత కచ్చితం అని కాదు. జేబులో పెట్టిన యాప్‌ని మూడు గంటల పాటు బతకనిస్తుందా అని.

ఇది షాపులోనే కొంత తెలుస్తుంది. డెమో ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఏదో ఒక యాప్ తెరిచి, బ్యాటరీ అన్న చోట నొక్కండి. అక్కడ 'అన్‌రిస్ట్రిక్టెడ్' లేదా 'నో రిస్ట్రిక్షన్స్' అని ఉందా? ఉంటే మంచిది. కొన్ని కంపెనీలు దానికి తోడు 'ఆటో స్టార్ట్' అని ఇంకో స్విచ్ వేరే మూల దాచిపెడతాయి. దాన్నీ వెతకండి. సేల్స్ కుర్రాడు కెమెరా చూపిస్తూనే ఉంటాడు, చూపించనివ్వండి. ఇంటికొచ్చాక 'డోంట్ కిల్ మై యాప్' అనే వెబ్‌సైట్ చూడండి. ఏ బ్రాండ్ ఫోన్ యాప్‌లని ఎలా ఆపేస్తుందో, ఎక్కడ ఏం మార్చాలో బ్రాండ్ల వారీగా ఉంటుంది. కొనడానికి ముందే చూస్తే ఇంకా నయం.

ఇక జీపీఎస్. ఉపగ్రహాలు ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి సంకేతాలు పంపుతాయి, ఫోన్ వింటుంది. అంతే, ఫోన్ తిరిగి ఏమీ పంపదు. అందుకే సిమ్ లేకపోయినా, రీచార్జ్ అయిపోయినా రికార్డింగ్ ఆగదు. ఇది తెలియక చాలామంది ఇంట్లో మూలన పడున్న పాత ఫోన్‌ని వదిలేసి కొత్తది కొంటారు. ముందు దాన్ని బయటికి తీసి చూడండి. బ్యాటరీ రెండు గంటలు నిలిస్తే ఈ పాఠం మీకు ఉచితంగా పూర్తయినట్టే. నెట్ వల్ల లాభం ఒక్కటే: ఉపగ్రహాలు ఎక్కడున్నాయో ఫోన్‌కి ముందే తెలుస్తుంది కాబట్టి స్థానం త్వరగా దొరుకుతుంది. ఆ వివరాలని ఉపగ్రహం నుంచే వినాలంటే సుమారు 30 సెకన్లు పడుతుంది. కాబట్టి ఇంట్లో వైఫైకి ఒకసారి కలిపి, బయటికొచ్చాక ఆకాశం కనిపించే చోట ఒక నిమిషం నిలబడి, ఆ తర్వాతే స్టార్ట్ నొక్కండి. నొక్కి పరుగెత్తేవాళ్ల మ్యాపులో మొదటి వంద మీటర్లు పక్క వీధిలో కనిపిస్తాయి.

ఆరుబయట మామూలు ఫోన్ 5 మీటర్ల లోపు తేడాతో చెప్తుంది. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) సర్వీస్ రోడ్డు మీద తొక్కేవాళ్లకు ఇది చాలు. ఇబ్బంది అమీర్‌పేట మెట్రో లైను కింద వస్తుంది. సంకేతం సూటిగా రాకుండా స్తంభాలకూ భవనాలకూ తగిలి చుట్టు తిరిగి వస్తుంది, ఫోన్ ఆ చుట్టుదారినే అసలు దూరం అనుకుంటుంది. నార్సింగి నుంచి కొల్లూరు దాకా సోలార్ పలకల నీడలో వెళ్లే సైకిల్ ట్రాక్ కూడా ఇంతే. మనకు ఎండ తగలకుండా కాపాడే కప్పు, నడినెత్తిన ఉన్న ఉపగ్రహాలకు అడ్డం. 2023 అక్టోబర్‌లో తెరిచిన ఆ ట్రాక్, ఫోన్‌ని పరీక్షించడానికి నాకు తెలిసిన మంచి చోటు.

ఇలాంటి చోట్ల పనికొచ్చేది ఎల్5. పాత ఫోన్లు ఎల్1 అనే ఒక్క పౌనఃపున్యాన్నే, అంటే 1575.42 మెగాహెర్ట్జ్‌నే వింటాయి. కొత్తవి కొన్ని 1176.45 దగ్గర ఎల్5ని కూడా వింటాయి. ఎల్5 సంకేతంలో, సూటిగా వచ్చిందేదో గోడకి తగిలి వచ్చిందేదో వేరు చేయడం సులభం. 2018లో షావోమీ ఎంఐ 8తో ఫోన్లలోకి వచ్చింది. ఇప్పుడు చవక ఫోన్లలోనూ అక్కడక్కడా దొరుకుతుంది. స్పెసిఫికేషన్ పేజీలో జీపీఎస్ పక్కన బ్రాకెట్లో 'ఎల్1+ఎల్5' అని ఉందేమో చూడండి. గ్లోనాస్, గెలీలియో, బైడూ అని వేరే దేశాల ఉపగ్రహ వ్యవస్థల పేర్లు వరసగా ఉండి ఎల్5 మాట లేకపోతే లేదనే అనుకోండి.

మన దేశపు సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ ఉన్న ఫోనే కొనాలా అని మీరు అడగబోతున్నారు. శ్రీహరికోట నుంచి 2023 మే 29న నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01 పైకెళ్లినప్పుడు నేనూ టీవీ ముందే కూర్చున్నాను. నావిక్ ఉపగ్రహాలు కొన్నే. మిగతా వ్యవస్థలకు తోడుగా బాగుంటుంది, అంతే. ఎల్5 ఉన్న ఫోనా, నావిక్ ఉన్న ఫోనా అని తేల్చుకోవాల్సి వస్తే నేను ఎల్5 తీసుకుంటాను.

ఎత్తు కొలవడానికి బారోమీటర్, అంటే గాలి పీడనాన్ని కొలిచే సెన్సర్ ఉండాలంటారు. గాలి పీడనం 8, 9 మీటర్ల ఎత్తుకి సుమారు ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది, ఆ లెక్కతో ఎక్కుడు తెలుస్తుంది. ఈ ధరలో బారోమీటర్ దాదాపు దొరకదు. దొరకలేదని బాధపడకండి. అది లేని ఫోన్ నుంచి రికార్డు వస్తే స్ట్రావా అనే రికార్డింగ్ యాప్ తన దగ్గరున్న ఎత్తుల మ్యాపుతో లెక్క సరిచేస్తుంది.

బ్యాటరీ 5,000 ఎంఏహెచ్ ఉంటే మనకు సరిపోతుంది, స్క్రీన్ ఆపి తొక్కితేనే సుమా. ముందు ముందు బ్రెవేలకి, అంటే గడువు లోపల పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ సవారీలకి వెళ్దామనుకుంటే లెక్క వేరు. 200 కిలోమీటర్ల బ్రెవేకి గడువు 13 గంటల 30 నిమిషాలు. గంటకు 6 శాతం చొప్పున తాగే ఫోన్ అయితే చివరికి 81 శాతం ఖాళీ. ఫోటోలు, ఇంటికి రెండు ఫోన్ కాల్స్ కలిపితే గీత దాటుతుంది, పవర్ బ్యాంక్ తప్పదు.

కెమెరా, ర్యామ్ మనకు లెక్కలోకి రావు. ఇక్కడ చవక ఫోన్‌కి ఒక మేలు కూడా ఉంది. కెమెరాలో చేతి వణుకుని సరిచేసేందుకు కదిలే లెన్స్ ఉన్న ఐఫోన్లని పెద్ద మోటార్‌సైకిళ్ల హ్యాండిల్‌కి బిగించొద్దని, ఆ అదురుడుకి లెన్స్ దెబ్బతినొచ్చని 2021లో యాపిలే హెచ్చరించింది. మన ధర ఫోన్లలో అలాంటి లెన్స్ సాధారణంగా ఉండదు కాబట్టి ఆ టెన్షన్ తక్కువ. వానకి ఐపీ64 (దుమ్ము, నీటి తుంపర తట్టుకునే రేటింగ్) ఉంటే తుంపర ఆగుతుంది. లేకపోతే జిప్ కవరు చాలు, నేను ఇప్పటికీ అదే వాడతాను. గుండె వేగం బెల్టు కొనే ఉద్దేశముంటే అది బ్లూటూత్‌తో పనిచేస్తుందో లేదో చూసుకోండి. యాంట్ ప్లస్ అనే వేరే వైర్‌లెస్ పద్ధతి మాత్రమే ఉన్నది ఈ ఫోన్లకి కలవదు.

మోడల్ పేర్లు కావాలని ఉత్తరాలు రాస్తున్నారు. చెప్పను. ఆరు నెలల్లో ఆ పేర్లు మార్కెట్లో ఉండవు. మీరు అనుకున్న మోడల్ వాడుతున్న స్నేహితుడో బంధువో ఉంటే వాళ్లని పట్టుకోండి. షాపు లోపల జీపీఎస్ సరిగా పరీక్షించలేం.

ఈ వారం పని. ఆ ఫోన్‌లో జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ వేసి, మేడ మీదకెళ్లి రెండు నిమిషాలు ఆగండి. ఏ దేశపు ఉపగ్రహమో జెండాతో సహా చూపిస్తుంది, పక్కన సంకేతం బలం అంకెల్లో ఉంటుంది. 35 దాటినవి ఎన్నో, ఎల్5 అని ఉన్నవి ఎన్నో రాసుకోండి. తర్వాత అదే ఫోన్ జేబులో పెట్టుకుని, స్క్రీన్ ఆపి, తిన్నటి రోడ్డు మీద గంటసేపు తొక్కండి. మీరు కొలిచిన చుట్టుకొలతని సైక్లోమీటర్‌లో, అంటే చక్రం చుట్లు లెక్కపెట్టి దూరం చూపే మీటరులో వేసి ఉంచండి. సైక్లోమీటర్ లేనివాళ్లు కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. ఇంటికొచ్చి రెండు దూరాలూ పక్కపక్కన రాయండి. వందకి ఒకటి, రెండు తేడా అయితే ఫోన్ కొనెయ్యొచ్చు. దూరం బాగా తగ్గి మ్యాపులో పొలాలకు అడ్డంగా గీత కనిపిస్తే, ఆ ఫోన్‌ని ఇంకా తిట్టొద్దు. అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టి మరో గంట తొక్కి చూడండి. అప్పటికీ గీత వస్తే ఆ మోడల్ పేరు కొట్టేయండి. ఆ రెండు రికార్డులూ తుడిచేయకుండా ఉంచండి, నాలుగో పాఠంలో వాటినే తెరిచి, రికార్డయిన దారిని దాచే జీపీఎక్స్ ఫైలు చదవడం నేర్చుకుంటాం.