నేపుల్స్ పరపాలన చరిత్రను ఎనిమిది విగ్రహాల నుంచి చదవడం ఎలా

నార్మన్లు, జర్మన్లు, ఫ్రెంచివారు, స్పెయిన్‌వారు, ఆస్ట్రియన్లు ఒకరి వెనుక ఒకరు వచ్చి పాలించిన నగరం కాబట్టి, ఇటలీలోని నేపుల్స్ చరిత్ర మొదలుపెట్టినవారు పది పేజీలు తిప్పేసరికి ఏ రాజు ఎవరి మనిషో తెలియక తికమకపడతారు. అందుచేత ముందుగా ప్లెబిషీతో కూడలిలోని రాజభవనం ముంగిటి ఫోటోను ఎదురుగా పెట్టుకోండి. అక్కడి గూళ్లలో 1888లో నిలిపిన ఎనిమిది రాజవిగ్రహాలు పాలకవంశాల వరుసలోనే ఉంటాయి: రెండవ రోజర్, రెండవ ఫ్రెడరిక్, ఆంజూ చార్లెస్, అరగాన్ అల్ఫోన్సో, ఐదవ చార్లెస్, బూర్బన్ చార్లెస్, మ్యూరా, రెండవ విక్టర్ ఇమాన్యుయేల్.

ఒక్కొక్కరి పేరు కింద రెండు సంగతులు రాసుకోండి: ఎక్కడివాడు, ఎక్కడ కూర్చుని ఏలాడు. చాలామంది మొదటిదానితోనే సరిపెట్టుకుంటారు గానీ, అసలు కీలకం రెండవదానిలోనే ఉంది. 1442లో నగరాన్ని గెలిచిన అల్ఫోన్సో, 1734లో వచ్చిన, మాడ్రిడ్‌లో పుట్టిన బూర్బన్ చార్లెస్ ఇద్దరూ పరాయివారే అయినా నేపుల్స్‌నే తమ కొలువుగా చేసుకున్నారు. 1503 నుంచి 1734 వరకు మాత్రం వైస్రాయిలే ఏలారు. 1707 దాకా స్పెయిన్ తరఫున, ఆ తరువాత వియన్నా తరఫున. ఆ వైస్రాయిలలో ఒక్కరికీ ఇక్కడ గూడు దక్కలేదు. ఈ భవనాన్నే 1600లో స్పెయిన్ రాజు మూడవ ఫిలిప్ రాక కోసం మొదలుపెట్టారు, ఆయన రానేలేదు.

తరువాత నగర పటంలో తొలేదో వీధిని వెతకండి. వైస్రాయి పెద్రో దె తొలేదో 1536లో వేయించిన ఈ వీధికి పడమట, గళ్లు గీసినట్టు ఇరుకు సందులు కనిపిస్తాయి. సైనికులను ఉంచడానికి ఏర్పడిన ఆ పేటను ఇప్పటికీ స్పానిష్ పేట అనే అంటారు.

చివరగా పన్నుల సంగతి చూడండి. 1647 జూలైలో పండ్ల మీది సుంకం భరించలేక సంతకూడలిలో జనం తిరగబడినప్పుడు, వారి నాయకుడు మసానియెల్లో ఒక జాలరి. తొలినాళ్లలో వారి నినాదం స్పెయిన్ రాజు వర్ధిల్లాలి, చెడ్డ ప్రభుత్వం నశించాలి అన్నదే కనుక, దీన్ని తొందరపడి స్వాతంత్ర్య సమరం కింద రాసుకోకండి. పది రోజులు తిరగకముందే అతడిని చంపేశారు; అదే ఏడాది అక్టోబరులో ప్రకటించిన రిపబ్లిక్‌ను 1648 ఏప్రిల్‌లో స్పెయిన్ అణచివేసింది.

ఎనిమిదవ విగ్రహాన్ని ఇటలీ సొంత రాజే కదా అని వదిలేయకండి. 1860లో నేపుల్స్‌ను కలుపుకున్న ఆ రాజు ఎక్కడ కూర్చుని ఏలాడన్న చోట అప్పటికి టూరిన్ అని రాయవలసి వస్తుంది.