అహింసా శిక్షణ సంస్థలో ఇంటర్న్‌గా చేరాలంటే

అమెరికాలో చదువుకుంటూ, క్వేకర్లో మెనోనైట్లో ఫ్రాన్సిస్కన్లో (అందరూ క్రైస్తవంలోని వేర్వేరు శాఖలవాళ్లే) నడిపే శాంతి సంస్థలో కొన్ని నెలలు పని నేర్చుకోవాలనుకునే తెలుగు విద్యార్థుల కోసం ఇది. ఈ సంస్థలు నేర్పేది వినడానికి చిన్న విషయమే: కొట్టినా తిరిగి కొట్టకుండా, అలాగని పారిపోకుండా, ఉన్నచోటే నిలబడటం. మంచి మనసు ఉంటే చాలు, అదే వస్తుందనుకుంటారు చాలామంది. రాదు. ఈతలాగే దాన్ని ఒంటికి అలవాటు చేయాలి.

ఈ శిక్షణకు మనవైపు నుంచి వెళ్లిన వేరు ఒకటుంది. కొరియా యుద్ధకాలంలో సైన్యంలో చేరనన్నందుకు 13 నెలలు జైల్లో గడిపిన జేమ్స్ లాసన్ 1953లో మెథడిస్టు మిషనరీగా నాగపూర్ హిస్లాప్ కాలేజీకి వచ్చి, సుమారు మూడేళ్లు ఉండి గాంధీజీ సత్యాగ్రహాన్ని చదువుకున్నారు. తిరిగి వెళ్లాక, 1915 నుంచి అమెరికాలో పనిచేస్తున్న ఫెలోషిప్ ఆఫ్ రికన్సిలియేషన్ అనే శాంతి సంస్థ తరఫున టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో విద్యార్థులకు వర్క్‌షాపులు పెట్టారు. 1959లో క్లార్క్ మెమోరియల్ మెథడిస్టు చర్చిలో కూర్చున్న ఆ పిల్లల్లో, తర్వాత పౌరహక్కుల ఉద్యమ నాయకులైన డయాన్ నాష్, జాన్ లూయిస్, బెర్నార్డ్ లఫాయెట్ ఉన్నారు. నెలల తరబడి సాధన చేశాకే 1960 ఫిబ్రవరి 13న దుకాణాల్లో తెల్లవాళ్లకే భోజనం పెట్టే కౌంటర్ల ముందు కూర్చున్నారు. మే 10కల్లా కౌంటర్లు నల్లవాళ్లకు తెరుచుకున్నాయి.

వాళ్లు చేతిలో పెట్టుకుని వెళ్లిన నియమాలు ఒకసారి చూడండి. తిట్టినా కొట్టినా బదులివ్వొద్దు. పైకి నవ్వొద్దు. నిటారుగా కూర్చుని కౌంటర్ వైపే చూడాలి. లీడర్ చెప్పేదాకా సీటు వదలొద్దు. గుమ్మానికి అడ్డం పడొద్దు. దాదాపు అన్నీ వెన్నుకు, చూపుకు, నోటికి సంబంధించినవే. క్రీస్తు, గాంధీ, మార్టిన్ లూథర్ కింగ్ బోధలు గుర్తుంచుకోమన్న మాట చివర్లో వస్తుంది. మీ ఇంటర్న్‌షిప్‌లో కూడా పని ఇదే వరుసలో నడుస్తుంది, ముందు ఒళ్లు, తర్వాత మాట.

సంస్థను ఎంచుకోవడం

పేరు కన్నా పని తీరు చూడండి. 1917లో క్వేకర్లు పెట్టిన అమెరికన్ ఫ్రెండ్స్ సర్వీస్ కమిటీ పెద్ద సంస్థ, ఫిలడెల్ఫియా కేంద్రంగా చాలా చోట్ల కార్యక్రమాలు నడుపుతుంది. 1989లో ఫ్రాన్సిస్కన్లు మొదలుపెట్టిన పాచే ఎ బెనె ప్రధానంగా శిక్షణ మీద నడుస్తుంది. క్వేకర్ వాలంటరీ సర్వీస్‌లో అయితే దాదాపు ఏడాది పాటు తోటివాళ్లతో ఒకే ఇంట్లో ఉండాలి. వంటా వార్పూ, గిన్నెలు తోమడం, వాటి మీద వచ్చే తగాదాలు తీర్చుకోవడం కూడా అక్కడ శిక్షణ కిందే లెక్క.

ఇంటర్వ్యూలో మీరూ అడగాల్సినవి ఉన్నాయి. వారానికి ఎన్ని గంటలు? స్టైపెండ్ ఎంత, బస ఇస్తారా? నా పని చూసే మనిషి ఎవరు, వారానికి ఒకసారైనా నాతో కూర్చుంటారా? శిక్షణ ఇవ్వడం నేర్పిస్తారా, లేక ఆఫీసు పని వరకేనా? మీ మతంవాడిని కాకపోయినా ఫర్వాలేదా? ఆఖరి ప్రశ్నకు మొహమాటపడొద్దు. కొన్ని సంస్థలు అన్ని మతాలవాళ్లనూ తీసుకుంటాయి, కొన్ని తమ విశ్వాసాన్ని పంచుకునేవాళ్లనే కోరతాయి. అప్లికేషన్‌లో మీ విశ్వాసం గురించి ఒక పేజీ రాయమంటే, వాళ్లకు నచ్చుతుందని బైబిలు వాక్యాలు వెతికి పెట్టకండి. మీ ఇంట్లో నేర్చుకున్నది ఏదైనా, అది గీత కావచ్చు, ఖురాన్ కావచ్చు, అమ్మమ్మ చెప్పిన మాట కావచ్చు, కోపం వచ్చినప్పుడు మిమ్మల్ని ఎలా ఆపిందో రాయండి. చదివేవాళ్లు వెతికేది అదే.

వీసా

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. ‘జీతం లేదు కదా, వాలంటీరింగే కదా’ అని ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు చేరిపోతారు. జీతం లేని ఇంటర్న్‌షిప్‌కూ అనుమతి అవసరం పడవచ్చు. ఉచిత బస, భోజనం కూడా ప్రతిఫలం కిందికి రావచ్చు. చదువు మధ్యలో అయితే సీపీటీ (కోర్సులో భాగంగా పనిచేసే అనుమతి) కావాలి. దానికి మామూలుగా ఒక విద్యా సంవత్సరం పూర్తయి ఉండాలి, ఆ పని మీ కోర్సులో భాగమై ఉండాలి, మొదటి రోజుకు ముందే ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం) మీద నమోదు కావాలి. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలకు చేరితే ఆ స్థాయి చదువుకు ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) పోతుంది. చదువయ్యాక ఓపీటీలో చేరితే పని మీ సబ్జెక్టుకు సంబంధించి ఉండాలి. సోషల్ వర్క్, పబ్లిక్ పాలసీ, థియాలజీ చదివేవాళ్లకు చూపించడం తేలిక, కంప్యూటర్ సైన్స్ వాళ్లకు కష్టం. ఆఫర్ లెటర్‌లో పనుల వివరం స్పష్టంగా రాయించుకుని, సంతకం పెట్టేముందే విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారి డీఎస్‌ఓకు చూపించండి.

రెండోది అరెస్టు. వీసాకు పెట్టే డీఎస్-160 ఫారం ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతుంది. కేసు కొట్టేసినా అరెస్టు జరిగినట్టే రాయాలి. అరెస్టయితే వీసా రద్దు చేసే అవకాశమూ ఉంది. ప్రదర్శనల్లో పనులను రెడ్, ఎల్లో, గ్రీన్ అని విడదీస్తారు. అరెస్టుకు సిద్ధపడేవాళ్లది రెడ్, దూరంగా ఉండేవాళ్లది గ్రీన్, ఆ రెంటికీ మధ్యది ఎల్లో. వీసా మీద ఉన్నవాళ్లు గ్రీన్‌లోనే ఉంటామని చేరిన మొదటి వారమే సూపర్‌వైజర్‌కు చెప్పాలి. పిరికితనమని ఎవరూ అనుకోరు. జైలు బయట రాత్రంతా కాఫీ ఫ్లాస్కుతో కూర్చుని, విడుదలయ్యే ఒక్కొక్కరి పేరూ టిక్ పెట్టుకునే మనిషి లేకపోతే లోపలికి వెళ్లేవాళ్లే ఉండరు. అయితే గ్రీన్‌లో ఉన్నంత మాత్రాన పూర్తి రక్షణ ఉండదు. చెదిరిపొమ్మని పోలీసులు ప్రకటించగానే మీరు అక్కడినుంచి కదలాలి. ముందుగా ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడి, ఆ నంబరు చెరగని మార్కర్‌తో ముంజేతి మీద రాసుకోండి. ఫోన్ చేతిలో ఉండకపోవచ్చు.

ఇంట్లోవాళ్లకు కూడా ముందే చెప్పండి. ‘ధర్నాలు చేయడానికా నిన్ను పంపింది’ అంటారు. ఏ పని చేస్తారో, ఏది చేయరో విడమరిచి చెబితే భయం సగం తగ్గుతుంది.

ఎదురుబొదురు వరుసలు

చేరిన రెండు మూడు వారాల్లో మీ చేత నడిపించే మొదటి అభ్యాసం ఇదే కావచ్చు. 16 నుంచి 20 మంది, ఇద్దరు శిక్షకులు, కుర్చీలు తీసేసిన గది. ఎనిమిది నుంచి పదేసి మందిని రెండు వరుసల్లో, చేయి చాచితే అందనంత దూరంలో ఎదురెదురుగా నిలబెట్టాలి. ఒక వరుస కోపంతో ఊగిపోయే దారినపోయేవాళ్లు, రెండో వరుస ప్రదర్శకులు. సన్నివేశం ఒక్క వాక్యంలో చెప్పాలి: ‘మీ దుకాణం ముందు వీళ్లు ప్లకార్డులు పట్టుకున్నారు.’ మూడు నిమిషాలు నడిపి, చెయ్యెత్తి ‘ఆగండి’ అనాలి. ఆ మాటకు అందరూ శిలల్లా నిలబడిపోవాలని ముందే రెండుసార్లు ఆడించి చూడాలి.

ఆగాక వెంటనే మాట్లాడించొద్దు. మూడు గాఢమైన శ్వాసలు. తర్వాత మొదటి ప్రశ్న ‘ఏమనుకున్నారు’ అని కాదు, ‘మీ చేతులు ఎక్కడున్నాయి’ అని. పిడికిలి బిగిసిందని ఒకరు, తెలియకుండా వేలు చూపించానని ఒకరు, అడుగు వెనక్కి వేశానని ఇంకొకరు చెబుతారు. తర్వాత అరిచిన వరుసను అడగాలి: ఎదుటివాళ్లు ఏం చేసినప్పుడు మీ కోపం తగ్గింది? జవాబు మళ్లీ మళ్లీ ఒకటే వస్తుంది. గొంతు తగ్గించి, కళ్లలోకి చూసి, ఒక ప్రశ్న అడిగినప్పుడు. వాదించి గెలిచినప్పుడు మాత్రం తగ్గదు. మూడు నిమిషాల అభ్యాసానికి కనీసం పది నిమిషాల చర్చ. పాత్రలు మార్చి మళ్లీ మొదలు.

చెడిపోయే తీరులు కొన్ని ఉన్నాయి. నవ్వులాట మొదలైతే సన్నివేశం మరీ దూరంగా ఉందని అర్థం, వాళ్ల ఊళ్లో నిజంగా జరిగేదానికి మార్చండి. ఒకరు హద్దు దాటి అరుస్తుంటే దూరం పెంచండి, తాకడం అసలు లేదని మళ్లీ చెప్పండి. కులాన్నో రంగునో పట్టి తిట్టే నిజమైన బూతులు వాడనివ్వొద్దు. ‘నిజంలా ఉండాలి కదా’ అంటారు గానీ, ఆ మాటలు బయట రోజూ పడేవాళ్లు ఆ గదిలోనే ఉంటారు, శిక్షణ వాళ్లకు ఇంకో దెబ్బ కాకూడదు. ఇష్టం లేనివాళ్లు గమనించేవాళ్లుగా కూర్చోవచ్చని ముందే చెప్పాలి. అన్నిటికన్నా తరచుగా జరిగే తప్పు, టైమ్ చాలక చర్చను కోసేయడం. పొడుచుకొచ్చిన కోపంతోనే మనుషులు ఇళ్లకు వెళతారు. టైమ్ లేకపోతే అభ్యాసమే మానేయండి.

మిగతా రోజులు

మిగతా పని కుర్చీలు సర్దడం, సంతకాల షీట్లు, ఈమెయిళ్లు. సంతకాల షీట్‌ను ఫొటో తీసి గ్రూపులో పెట్టకండి, అందులో పేర్లూ ఫోన్లూ ఉంటాయి. 18 ఏళ్ల లోపు పిల్లలకు నేర్పేచోట మీ నేపథ్యం తనిఖీ చేస్తారు, ఒక్క పిల్లతోనో పిల్లాడితోనో గదిలో ఒంటరిగా ఉండకూడదన్నది మామూలు నియమం. అమెరికా పన్ను చట్టంలోని 501(సీ)(3) కింద పన్ను మినహాయింపు ఉన్న సంస్థ ఎన్నికల్లో అభ్యర్థిని సమర్థించకూడదు, కాబట్టి సంస్థ ఖాతా నుంచి అలాంటి పోస్టు ఒక్కటి కూడా వెళ్లకూడదు.

క్వేకర్ల మీటింగ్‌లో నిశ్శబ్దం గంటసేపు సాగొచ్చు. దాన్ని నింపాలని ప్రయత్నించకండి. నిర్ణయాలకు ఓటింగ్ ఉండదు. సభ నడిపే క్లర్క్ తనకు వినిపించిన అభిప్రాయాన్ని ఒక వాక్యంగా చెప్పి, అందరూ ఒప్పుకున్నాకే రాస్తారు. మీకు అభ్యంతరం ఉంటే చెప్పాల్సింది ఆ క్షణంలోనే, బయట పార్కింగ్‌లో కాదు.

వెళ్లిపోయే ముందు రెండు వారాలు మిగుల్చుకోండి. నడిపిన ప్రతి అభ్యాసానికీ ఒక పేజీ రాయండి: ఎంతమంది, ఏ సన్నివేశం, ఎన్ని నిమిషాలు, ఎక్కడ తడబడింది, ఏ ప్రశ్నకు గది తెరుచుకుంది. తర్వాత వచ్చే ఇంటర్న్ మొదటి రోజు ఆ కాగితాలతోనే మొదలుపెడతారు.