కూలెంట్ డబ్బా ఎక్కడుంది, నీళ్ళు ఎటు పోతున్నాయి?

కొత్త కారు ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే మా నాన్న చెంబుతో నీళ్ళు పట్టుకుని బానెట్ ముందు నిలబడ్డారు. అంబాసిడర్ నడిపిన చెయ్యి కదా, రేడియేటర్ మూత విప్పి నీళ్ళు చూడందే బండి తీయరు. "ఒరేయ్, ఇందులో నీళ్ళెక్కడ పోస్తార్రా?" అని అడిగితే నేనూ తెల్లమొహం వేశాను. పైనంతా నల్ల ప్లాస్టిక్ కవర్లు, మూత జాడే లేదు. ఆ తర్వాత మా బండితోనూ చుట్టాల బండ్లతోనూ తిప్పలు పడుతూ తెలుసుకున్న సంగతులివి.

సమస్య: మూత ఎక్కడుందో కనబడటం లేదు

కొత్త బండ్లలో వెతకాల్సింది రేడియేటర్‌ని కాదు, డబ్బాని. లోపలి నీళ్ళు లీలగా కనబడే తెల్ల ప్లాస్టిక్ డబ్బా, దాని పక్కన మిన్, మాక్స్ అనో, లో, ఫుల్ అనో రెండు గీతలు ఉంటాయి. లోపల ఆకుపచ్చో, గులాబీయో, నీలమో రంగు నీళ్ళు, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ అదే. పక్కనే అద్దం కడిగే నీళ్ళ డబ్బా కూడా ఉంటుంది, జాగ్రత్త. దాని మూత మీద అద్దం, నీటి చుక్కల బొమ్మ ఉంటుంది. మా బావమరిది లీటరు కూలెంట్ అందులో పోసి, వైపర్ నొక్కి, అద్దమంతా జిడ్డు చేసుకున్నాడు.

డబ్బా దొరికాక అది ఏ రకమో చూడండి. ఈ తేడా తెలియకే చాలామంది పొరపడతారు. మూత మరతో గట్టిగా బిగిసి, మీద వేడి హెచ్చరిక ఉండి, డబ్బాకు లావు పైపు కూడా వచ్చి కలిస్తే, అది ఇంజన్‌తో పాటు ఒత్తిడిలో ఉండే డబ్బా. రేడియేటర్‌కు వేరే మూత ఉండదు. డబ్బాలో కనబడిందే లెక్క. మూత మామూలుగా పైకి లాగితే వచ్చేసి, ఒక్క సన్న పైపే ఉంటే, అది పొంగిన నీళ్ళు పట్టుకునే డబ్బా. అసలు మూత ముందు వైపు ప్లాస్టిక్ కవర్ కింద రేడియేటర్ మీదే ఉంటుంది. ఈ రెండో రకంలో చిక్కేమిటంటే, రేడియేటర్ మూత రబ్బరు పాడైతే పొంగిన నీళ్ళు మళ్ళీ వెనక్కి వెళ్ళవు. డబ్బా నిండుగా కనబడుతుంది, రేడియేటర్‌లో మాత్రం తక్కువ ఉంటుంది. అందుకే అప్పుడప్పుడు, ఇంజన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు, ఆ మూత కూడా తీసి చూడాలి.

చూడాల్సిన వేళ పొద్దున్నే, బండి తీయకముందు, సమతలంగా ఉన్న చోట. వేడిగా ఉన్నప్పుడు మూత తిప్పనే కూడదు. లోపల నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉండేది ఎక్కువగా ఆ ఒత్తిడి వల్లే. మూత వదులైతే ఒక్కసారిగా ఆవిరై మొహం మీదకు ఎగజిమ్ముతాయి. చల్లారిందనుకున్నా సరే, గుడ్డ వేసి పావు తిప్పు తిప్పి, బుస్సుమనే శబ్దం ఆగాకే పూర్తిగా విప్పండి.

సమస్య: నీలం దీపం వెలుగుతోంది, సాయంత్రానికి నీళ్ళు పెరిగాయి

ఈ రెండూ జబ్బులు కావు. వేడి చూపించే ముల్లు లేని చిన్న కార్లు చాలావాటిలో ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నీలం దీపం వెలిగి, కాసేపటికి ఆరిపోతుంది. ఎర్రది వెలిగితేనే భయపడాలి. వేడికి కూలెంట్ వ్యాకోచిస్తుంది కాబట్టి తిరిగొచ్చాక మట్టం పైకి కనబడుతుంది.

సమస్య: బండి కింద నీళ్ళ మరక

మేలో నాకు వచ్చే ఫోన్లలో సగం దీని గురించే. వేలితో ముట్టి చూడండి. ముందు సీట్లోని ప్రయాణికుడి కాళ్ళకు కింద నేల మీద, రంగూ జిడ్డూ లేని మామూలు నీళ్ళయితే అది ఏసీ నీరు, వదిలేయండి. వేలికి జారుడుగా తగిలి, రంగుండి, తియ్యటి వాసన వస్తే కూలెంట్. అప్పుడు పైపుల క్లిప్పులు, రేడియేటర్ అంచులు, వాటర్ పంపు దగ్గర చూడండి. కారి ఎండిపోయిన చోట తెల్లగానో గులాబీగానో పొడి పట్టి ఉంటుంది. క్లిప్పు వదులైతే బిగిస్తే సరిపోతుంది, పంపు కారుతుంటే మార్చాల్సిందే.

సమస్య: ఎక్కడా కారడం లేదు, మట్టం మాత్రం తగ్గుతోంది

ముందు నిజంగా తగ్గుతోందో లేదో తేల్చుకోవాలి. నాన్న దీనికో పద్ధతి పెట్టారు. ఆదివారం పొద్దున డబ్బా మీద మార్కర్‌తో చిన్న గీత గీసి, క్యాలెండర్‌లో రాసుకుంటారు. రెండు వారాల్లో గీత కింద వేలెడు దిగితే అది లీకు. ఏడాదికి కొంచెం దిగితే దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

లీకయితే అనుమానించాల్సినవి మూడు. అన్నిటికన్నా చవకైనది మూత రబ్బరు, కాబట్టి మొదట అదే మార్చి చూడండి. రెండోది డాష్‌బోర్డు లోపలుండే హీటర్ చిన్న రేడియేటర్. అది కారితే కారులో తియ్యటి వాసన వస్తుంది, అద్దం లోపలివైపు జిడ్డు పొగమంచులా కమ్ముతుంది, కాళ్ళ దగ్గర మ్యాటు తడుస్తుంది. మూడోది హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ పై భాగానికీ (హెడ్) కింది భాగానికీ మధ్య ఉండే సీలు. సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్ల పొగ రావడం, ఆయిల్ పోసే మూత కింద పాలమీగడలా పేరుకోవడం, ఇంజన్ తిరుగుతుంటే డబ్బాలో బుడగలు ఆగకుండా రావడం దీని గుర్తులు. చలికాలంలో, దగ్గర దగ్గర తిరిగే బండిలో మూత కింద కొంచెం మీగడ మామూలే, ఆ ఒక్కటి చూసి ఇంజన్ దింపించకండి. కూలెంట్‌లో ఇంజన్ పొగ కలుస్తోందో లేదో రంగు మారే మందుతో షెడ్డులో నిమిషాల్లో తేల్చేస్తారు. ముందు ఆ పరీక్ష అడగండి.

సమస్య: ట్రాఫిక్‌లో వేడెక్కుతోంది, హైవే ఎక్కితే తగ్గుతోంది

ఇది ఫ్యాన్ పని. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర మిట్టమధ్యాహ్నం మాకూ ఇదే జరిగింది. ముల్లు మెల్లగా లేస్తోంది, వారధి దాటి వేగం అందుకోగానే దిగిపోతోంది. వేగంగా వెళ్ళేటప్పుడు గాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, నిలబడితే ఆ పని ఫ్యాన్ చెయ్యాలి. ఇంటి దగ్గర ఇంజన్ వేసి ఏసీ ఆన్ చేయండి. చాలా బండ్లలో కాసేపట్లో ఫ్యాన్ తిరగాలి. చెయ్యి మాత్రం దగ్గర పెట్టకండి, ఇంజన్ ఆపాక కూడా అది తనంతట తానే తిరగొచ్చు. తిరక్కపోతే ఫ్యూజు, రిలే (ఫ్యాన్‌కు కరెంటు వదిలే స్విచ్చు), మోటారు, ఈ వరుసలో చూడాలి. ఎక్కువగా మొదటి రెండింటిలోనే తేలుతుంది. మాకు ఫ్యూజు దగ్గరే తేలింది, టెన్షన్ మాత్రం మూడు గంటలు పడ్డాం.

దీనికి తలకిందులుగా, హైవే మీద లేచి ట్రాఫిక్‌లో బాగుంటే, రేడియేటర్ రెక్కల్లో పురుగులు, దుమ్ము పేరుకున్నాయేమో చూడండి, కూలెంట్ తక్కువుందేమో చూడండి. ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ సరిగ్గా తెరుచుకోకపోయినా ఇలాగే ఉంటుంది.

సమస్య: ఎర్ర దీపం వెలిగింది, ముల్లు చివరికి పోయింది

ఏసీ ఆపి, హీటర్ పూర్తి వేడికి తిప్పి, బ్లోయర్ గట్టిగా పెట్టండి. మన ఎండలో ఇది పిచ్చి పనిలా ఉంటుంది గానీ, హీటర్ కూడా ఓ చిన్న రేడియేటరే, కొంత వేడి లాగేస్తుంది. పక్కకు తీసి ఇంజన్ ఆపండి. "ఇంకో రెండు కిలోమీటర్లేగా" అనుకుంటే హెడ్ వంగుతుంది. గంటసేపు ఆగండి. కూలెంట్ దొరక్కపోతే తాగే నీళ్ళ సీసా పోసి షెడ్డు దాకా వెళ్ళొచ్చు, కానీ కాలుతున్న ఇంజన్‌లో చన్నీళ్ళు పోస్తే లోహం పగలొచ్చు.

ముల్లును ఒక్కదాన్నే నమ్మడానికి లేదు. చాలా కొత్త బండ్లలో వేడి కొంచెం పైకీ కిందకీ మారినా అది మధ్యలోనే నిలబడేలా చేశారు. పైగా నీళ్ళు పూర్తిగా పోతే సెన్సర్‌కు గాలే తగిలి తప్పు చూపించొచ్చు. డబ్బా వంక చూడటం అందుకే మానకూడదు.

సమస్య: నీళ్ళు టీ రంగులో ఉన్నాయి, లేదా ఏది పోయాలో తెలియడం లేదు

టీ రంగు తుప్పుది. ఎవరో బోరు నీళ్ళు పోసి ఉంటారు. మన బోర్లలో ఉన్న సున్నం గీజర్ రాడ్‌కు ఎలా పట్టేస్తుందో రేడియేటర్ గొట్టాలకీ అలాగే పడుతుంది. మొత్తం తీసేసి, కడిగించి, కొత్తది పోయించాలి.

రంగు చూసి కొనకండి. ఏ రంగు ఏ రకమో కంపెనీలన్నీ ఒప్పుకున్న లెక్కేమీ లేదు. బండి పుస్తకంలో రాసిన రకమే తీసుకోండి. కొనే డబ్బా మీద, అది ముందే నీళ్ళు కలిపినదో, చిక్కటిదో చదవండి. చిక్కటిదైతే సగానికి సగం బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ కలపాలి. "నీళ్ళెందుకు, మొత్తం కూలెంటే పోద్దాం" అనేవాళ్ళున్నారు. అది నీళ్ళంత వేడి మోయదు, బండి ఇంకా వేడెక్కుతుంది.

కొన్ని హైబ్రిడ్ బండ్లలోనూ కొన్ని టర్బో బండ్లలోనూ రెండు డబ్బాలుంటాయి, రెండూ చూడండి. చాలా ఎలక్ట్రిక్ కార్లకూ బ్యాటరీ కోసం కూలెంట్ ఉంటుంది. కొన్నింటిలో విద్యుత్తు తక్కువ ప్రవహించే ప్రత్యేక రకం పోస్తారు కాబట్టి మట్టం చూడటం వరకే మన పని, పోయడం సర్వీసు వాళ్ళది.

పోసేటప్పుడు కింద ఒలికితే వెంటనే బాగా నీళ్ళు కొట్టి కడిగేయండి. తియ్యగా ఉంటుందని వీధి కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం. మిగిలిన డబ్బా మూత బిగించి పిల్లలకు అందని చోట పెట్టండి.