టీవీ లోగో వెనక ఎవరున్నారో మీరే కనుక్కోండి: విశాఖ వాళ్ల కోసం

పోయిన ఏడాది మా బాబాయి తగరపువలస దాటాక ఒక లేఅవుట్లో స్థలానికి అడ్వాన్సు ఇవ్వబోయాడు. ఎందుకంత తొందర అంటే "టీవీలో వచ్చిందిరా, భోగాపురం ఎయిర్‌పోర్టుకి పది నిమిషాలంట" అన్నాడు. ఫోన్లో క్లిప్ చూపించాడు. మూలన ఎర్ర లోగో, కింద స్క్రోలింగ్, మైకు పట్టుకుని గ్రావెల్ రోడ్డు మీద నడుచుకుంటూ వస్తున్న రిపోర్టరు, అంతా వార్తలాగే ఉంది. ఆ రాత్రి కూర్చుని ఛానెల్ నడిపే కంపెనీ ఏదో వెతికితే, అందులో ఉన్న ఇద్దరు డైరెక్టర్లలో ఒకరు ఆ లేఅవుట్ వేసిన కంపెనీలో కూడా డైరెక్టరే. బాబాయి అడ్వాన్సు ఆపేశాడు. నాకు పట్టింది గంట, అయిన ఖర్చు వంద రూపాయలు. ఎలా చేశానో రాస్తున్నాను. టీవీలో చూసి స్థలమో, ఆస్పత్రో, కాలేజీ సీటో నిర్ణయించుకునే ఇళ్లు మన ఊళ్లో చాలా ఉన్నాయి, ఇంటికొక్కరికైనా ఇది తెలిసుండాలని నా కోరిక.

ముందు అది ఏ రకం ఛానెలో తేల్చుకోవాలి, ఎందుకంటే వెతికే చోటు దాన్ని బట్టే మారుతుంది. మీ కేబుల్ బాక్సులోనే కాకుండా డిష్ పెట్టుకున్న పక్కింటి వాళ్లకీ, విజయవాడలో ఉన్న మీ అక్క వాళ్లకీ కూడా వస్తుంటే అది శాటిలైట్ ఛానెల్. మీ ఏరియా కేబుల్లో మాత్రమే వస్తూ గాజువాక, మధురవాడ, పెందుర్తి వార్తలు చెబుతుంటే అది కేబుల్ వాళ్ల లోకల్ ఛానెల్, ప్రభుత్వ కాగితాల్లో దాన్ని 'ప్లాట్‌ఫాం సర్వీస్' అంటారు. ఈ రెండూ కాక ఫోన్లోనే కనబడేది యూట్యూబ్ ఛానెల్. పేరు చివర 'టీవీ' అనో, 'న్యూస్' అనో, ఒక అంకెనో ఉన్నంత మాత్రాన శాటిలైట్ ఛానెల్ అయిపోదు.

ఒకసారి డాబాగార్డెన్స్‌లో వీజేఎఫ్ (వైజాగ్ జర్నలిస్టుల ఫోరం) ప్రెస్‌క్లబ్‌లో జరిగే ప్రెస్‌మీట్ చూడండి. టేబుల్ మీద పదిహేను ఇరవై లోగోలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. అన్నీ ఒకే సైజు, అన్నిటికీ ఎరుపో నీలమో రంగు. వాటిలో ఢిల్లీ నుంచి పర్మిషన్ తెచ్చుకుని కోట్లు పెట్టి నడిపేది ఒకటుంటుంది, పక్కనే ఒక్క మనిషి ఒక్క ఫోనుతో నడిపేది ఇంకొకటుంటుంది. ఒక్క మనిషి నడిపితే తప్పని కాదు, వార్డు సమస్యల మీద వాళ్లు చేసే పని కొన్నిసార్లు పెద్ద ఛానెళ్లు చెయ్యవు. కానీ మైకుకి తగిలించే ఆ లోగో చేయించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

శాటిలైట్ ఛానెల్ అయితే పని తేలిక. కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్లో అనుమతి ఉన్న ప్రైవేటు ఛానెళ్ల జాబితా ఉంటుంది. ఛానెల్ పేరు, దాన్ని నడిపే కంపెనీ పేరు, న్యూసా నాన్ న్యూసా అన్నది, భాష, అన్నీ అందులో ఉంటాయి. 'నాన్ న్యూస్' పర్మిషన్ తీసుకున్న ఛానెల్ వార్తలు చదవకూడదు, కాబట్టి ఆ గడి కూడా చూడండి. న్యూస్ ఛానెల్ పెట్టాలంటే మొదటిదానికి కంపెనీ నెట్‌వర్త్, అంటే అప్పులు పోను మిగిలే ఆస్తి, 20 కోట్లు ఉండాలి. పర్మిషన్ 10 ఏళ్లకి ఇస్తారు. విదేశీ పెట్టుబడి 49 శాతం మించకూడదు, అది కూడా ప్రభుత్వ అనుమతితోనే.

జాబితాలో కనబడే కంపెనీ పేరుకీ మనకి తెలిసిన లోగోకీ చాలాసార్లు పోలికే ఉండదు. సాక్షి టీవీ అంటే ఇందిరా టెలివిజన్, ఏబీఎన్ అంటే ఆమోద బ్రాడ్‌కాస్టింగ్, ఎన్టీవీ అంటే రచనా టెలివిజన్, టీవీ5 అంటే శ్రేయ బ్రాడ్‌కాస్టింగ్, టీవీ9 అంటే అసోసియేటెడ్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ. మీకు ముందు కావాల్సింది ఈ రెండో పేరు. పేపరుకి అయితే ఎడిటరు, ప్రింటరు, పబ్లిషరు పేర్లు ఏదో ఒక పేజీ అడుగున అచ్చులో ఉంటాయి. 1974లో మన విశాఖలోనే మొదలైన ఈనాడు దగ్గర్నుంచి నిన్న మొన్న పెట్టిన చిన్న పేపరు దాకా ఇదే పద్ధతి. టీవీ స్క్రీన్ మీద అలాంటి లైను కనబడదు, అందుకే ఇంత తవ్వాల్సి వస్తోంది.

కంపెనీ పేరు దొరికాక కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైటుకి వెళ్లండి, దాన్ని అందరూ ఎంసీఏ అంటారు. అక్కడ 'కంపెనీ మాస్టర్ డేటా' ఉచితం. రిజిస్టర్డ్ ఆఫీసు, ఎప్పుడు పెట్టారు, డైరెక్టర్లెవరు, ఆస్తులు కుదువ పెట్టి ఏ బ్యాంకులో అప్పు తెచ్చారు, అన్నీ ఉంటాయి. కంపెనీకి 21 అక్షరాలూ అంకెలూ కలిసిన సిన్ నంబరు, అంటే కంపెనీ గుర్తింపు నంబరు, ఒకటుంటుంది. దాన్ని చదవడం నేర్చుకోండి, బాగా పనికొస్తుంది. మొదటి అక్షరం ఎల్ అయితే షేర్ మార్కెట్లో లిస్టైన కంపెనీ, యు అయితే కాదు. తర్వాతి అయిదంకెలు వ్యాపారం ఏమిటో చెబుతాయి. ఆ తర్వాత రాష్ట్రం, పెట్టిన సంవత్సరం. ఆ అయిదంకెల్లో మొదటి రెండూ 70 ఉంటే పాత కోడ్ ప్రకారం రియల్ ఎస్టేట్, కొత్త కోడ్‌లో దానికి 68. పాత కోడ్‌లో 45 అంటే నిర్మాణం. మా బాబాయి విషయంలో నాకు మొదట అనుమానం వచ్చింది ఇక్కడే. డైరెక్టరు పేరు పట్టుకుని ఆయనున్న మిగతా కంపెనీలు చూస్తుంటే వరసగా రెండు సిన్ నంబర్లలో యు పక్కన 70 కనబడింది.

డైరెక్టర్లు వేరు, యజమానులు వేరు. యజమాని ఎవరో తెలియాలంటే షేర్లు ఎవరి దగ్గరున్నాయో చూడాలి. అందుకు అదే సైటులో ఆ కంపెనీ పబ్లిక్ డాక్యుమెంట్లు తెరవాలి, వంద రూపాయలు కట్టాల్సింది దీనికే. చూడటానికి గడువుంటుంది కాబట్టి తెరిచిన వెంటనే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఎంజీటీ-7 అనే వార్షిక రిటర్న్, దాని వెనక జతచేసిన షేర్‌హోల్డర్ల లిస్టు, ఈ రెండూ చాలు. లిస్టులో మనుషుల పేర్లకి బదులు ఇంకో కంపెనీ పేరుంటే ఆగిపోకండి, ఆ కంపెనీని కూడా ఇలాగే తెరవండి, మనిషి పేరు తగిలేదాకా పైకి వెళ్లండి.

ఇది రెండేళ్లకోసారైనా మళ్లీ చూసుకోవాలి, ఎందుకంటే యజమాని మారినా లోగో మారదు. టీవీ9నే తీసుకోండి. 2004లో మొదలైంది, 2018లో అలందా మీడియా అనే కంపెనీ మెజారిటీ వాటా కొంది, 2019 మేలో వ్యవస్థాపకుడు రవిప్రకాశ్‌ని సీఈవో పదవి నుంచి తప్పించారు. మనింట్లో రిమోట్ నొక్కితే వచ్చే ఆ లోగో మాత్రం అదే. ఈటీవీ తెలుగులో 2014లో టీవీ18 సంస్థ 24.5 శాతం వాటా తీసుకుంది, ఆ టీవీ18 రిలయన్స్ చేతిలోకి వెళ్లింది. రోజూ ఆ ఛానెల్ చూసేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

కేబుల్ లోకల్ ఛానెల్ అయితే మంత్రిత్వ శాఖ జాబితాలో దొరకదు. 2022 నవంబరులో కేంద్రం వీటికి నియమాలు పెట్టింది. లోకల్ వార్తలు చెప్పాలంటే ఆ కేబుల్ సంస్థ కంపెనీగా రిజిస్టరై ఉండాలి, ఒక్కో ఛానెల్‌కి వెయ్యి రూపాయలు కట్టి నమోదు చేసుకోవాలి, స్క్రీన్ మీద 'ప్లాట్‌ఫాం సర్వీసెస్' అని రాయాలి. కాబట్టి మొదట ఆ అక్షరాలున్నాయో లేదో చూడండి. తర్వాత నెలనెలా వచ్చే కేబుల్ అబ్బాయిని అడగండి, "సిగ్నల్ ఎవరి దగ్గర నుంచి తీసుకుంటున్నారు బాబూ" అని, ఆయన ఏ దాపరికం లేకుండా చెప్పేస్తాడు. బిల్లు మీద కూడా కంపెనీ పేరుంటుంది. ఆ పేరుతో మళ్లీ ఎంసీఏ. మీ ఇంట్లో ఉన్నది ఏపీ ఫైబర్‌నెట్ బాక్సు అయితే, తీగ రాష్ట్ర ప్రభుత్వ సంస్థది, అందులో వచ్చే ఛానెళ్ల యజమానులు వేరే. రెండూ కలపకండి.

యూట్యూబ్ ఛానెల్‌కి లైసెన్సు లేదు. కానీ 2021 ఐటీ నియమాల ప్రకారం ఆన్‌లైన్లో వార్తలు ప్రచురించేవాళ్లు ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు, ఎలా సంప్రదించాలన్నదీ బయటపెట్టాలి. ఛానెల్ వివరాల పేజీలో అవి లేకపోతే, ఆ ఛానెల్ మాట మీద ఒక్క రూపాయి కూడా ఎక్కడా పెట్టొద్దని నేను మా ఇంట్లో గట్టిగా చెప్పాను. స్థలం వార్తయితే ఛానెల్ సంగతి ఎలా ఉన్నా సరే, మన ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ దగ్గర ఎల్పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు), రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ఇచ్చే రెరా నంబరు విడిగా చూసుకోవాల్సిందే.

తప్పుడు వార్తని తేలితే ఊరుకోకండి. శాటిలైట్ ఛానెల్‌కి ఫిర్యాదు రాస్తే 24 గంటల్లో అందిందని చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి, 2021 జూన్ నుంచి ఇదీ రూలు. లోకల్ కేబుల్ అయితే కలెక్టరేట్‌లో ఇవ్వండి. తేదీ, టైము, లోగో కనబడేలా స్క్రీన్ ఫొటో తప్పనిసరి. ఛానెళ్లు రికార్డింగులు 90 రోజులు దాచాలన్నది నియమం, ఆ గడువు దాటకముందే కాగితం వాళ్ల చేతికి వెళ్లిపోవాలి. మా బాబాయి ఆలోచించి ఆలోచించి నాలుగో నెలలో రాశాడు, ఆ ప్రోగ్రాం రికార్డు ఇప్పుడు లేదని జవాబొచ్చింది.