మురుద్ జంజీరా వెళ్తున్నారా? పడవ దిగే చోట జాగ్రత్త

దసరా సెలవులు దగ్గర పడేసరికి మన హైదరాబాద్ వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొంకణ్ ప్లాన్లు మొదలవుతాయి. అలీబాగ్, కాశీద్ బీచ్, అక్కణ్నుంచి మురుద్ జంజీరా. మొదటి రెండింటి గురించి నేను చెప్పేదేం లేదు. జంజీరా సంగతి మాత్రం బ్యాగు సర్దుకోకముందే కాస్త వినండి.

మహారాష్ట్ర రాయగడ్ జిల్లాలో, మురుద్ దగ్గర సముద్రంలో ఒక రాతి దిబ్బను చుట్టేసి కట్టిన కోట అది. జంజీరా అంటేనే దీవి, అరబ్బీ 'జజీరా' నుంచి వచ్చిన మాట. ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు దీన్ని ఏలారు. (మన హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ బస్తీ పేరులోని 'ఏ' కూడా ఆఫ్రికనే. నిజాం అశ్వదళంలో పనిచేసిన సిద్దీల వారసులు అక్కడున్నారు.) శివాజీ, శంభాజీ ఇద్దరూ ప్రయత్నించినా కోట చిక్కలేదు. 1948లో సంస్థానం దేశంలో కలిసిపోయింది. ఇప్పుడు లోపల కాపురాలు లేవు. చెట్లూ తుప్పలూ కాపురం పెట్టాయి.

జూన్‌లో వానలతో పాటే పడవలు ఆగిపోతాయి, మళ్లీ వానలు తగ్గాకే తిరుగుతాయి. అయితే తెరిచారు కదా అని వెంటనే పరిగెత్తకండి. అప్పుడే గడ్డి నడుము దాకా ఉంటుంది, మెట్ల మీద పాకుడు పచ్చిగా ఉంటుంది. నన్నడిగితే డిసెంబర్, జనవరి మేలు. అది కుదరకపోతే కనీసం తిథి చూసుకోండి. నవ్వకండి, ఇది ముహూర్తం గొడవ కాదు. అమావాస్యకి, పౌర్ణమికి అక్కడ ఆటుకీ పోటుకీ మధ్య నీటిమట్టం మనిషి నిలువును మించి మారుతుంది. అష్టమి, నవమి దగ్గర ఆ తేడా బాగా తగ్గుతుంది. ప్రయాణానికి అష్టమి పనికిరాదంటారు మన పెద్దవాళ్లు. జంజీరాకి మాత్రం అదే మంచిరోజు. ఇంకో మాట, మధ్యాహ్నం దాటాక సముద్రం మీద గాలి జోరు పెరుగుతుంది, కాబట్టి కోటకి పడవలు బయల్దేరే రాజపురి రేవుకి పొద్దున్నే చేరుకోండి.

అసలు టెన్షన్ సముద్రంలో కాదు. రాజపురి నుంచి కోట దాకా ప్రయాణం హాయిగానే ఉంటుంది. ద్వారం ఎక్కడుందో దగ్గరికి వెళ్లేదాకా కనిపించదు, అలా రెండు బురుజుల మధ్య దాచిపెట్టి కట్టారు. పడవ ఆ మలుపులోకి తిరిగి మెట్ల పక్కకు వచ్చాక మొదలవుతుంది టెన్షన్. అల వస్తే పడవ అంచు మెట్టు కంటే పైకి లేస్తుంది, మరుక్షణం మోకాలి లోతు కిందికి పోతుంది. అందరూ ఒక్కసారే లేచి నిలబడతారు, ఫోన్లు పైకెత్తుతారు. మీరు మాత్రం కూర్చోండి. పడవవాళ్లు 'థాంబా' అంటే ఆగమని, 'యా' అంటే రమ్మని. ఆ రెండు మరాఠీ మాటలు వస్తే చాలు. పడవ పైకి లేచినప్పుడే, వాళ్ల చెయ్యి పట్టుకుని, ఒక్క అడుగు వెయ్యాలి. దూకకూడదు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, బ్యాగు వీపుకి తగిలించుకోవాలి. పడవకీ రాతికీ మధ్య వేళ్లు పెట్టారంటే నలిగిపోతాయి. ఆటు వేళ బయటపడే కింది మెట్ల మీద పాకుడుతో పాటు కత్తుల్లాంటి ఆలిచిప్పలూ ఉంటాయి, అందుకే పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. చిన్నపిల్లల్ని ఎత్తుకుని దిగొద్దు, ముందు మీరు దిగి తర్వాత అందుకోండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని మొహమాటానికి లాక్కెళ్లకండి. రేవులో కూర్చుని చూసినా కోట బాగానే కనిపిస్తుంది.

లోపల మీకు దొరికేది ఇంచుమించు గంట. తీసుకొచ్చిన పడవవాడి ముఖం గుర్తుపెట్టుకోండి, వెనక్కి తీసుకెళ్లేది అతనే. ఆ గంటలో అన్నీ చూసెయ్యాలని ఉరికేవాళ్లే ఎక్కువగా పడతారు. బురుజులు 19 ఉన్నాయి, ఒక్కటి ఎక్కినా ఎక్కినట్టే. గోడ మీద పిట్టగోడ ఉన్నచోటా లేనిచోటా ఒకేలా నడుస్తారు జనం. ఫిరంగి మూతి పెట్టే కంతలో కూర్చుని ఫొటో దిగితే వెనక ఉన్నది నేరుగా సముద్రమే. కలాల్ బాంగ్డీ అనే పెద్ద ఫిరంగి మీద పిల్లల్ని ఎక్కించొద్దు. ఎండకి ఆ లోహం పెనంలా కాలుతుంది.

చెట్ల సంగతి వేరే చెప్పాలి. రావి వేరు ముందు సున్నం సందులోకి దారంలా దూరుతుంది, లావెక్కే కొద్దీ రాయిని పక్కకు నెడుతుంది. చివరికి గోడని చీల్చిందీ అదే, పడకుండా పట్టుకున్నదీ అదే. ఏ రాయి ఎవరి దయ మీద నిలబడిందో కింద నుంచి మనకి తెలియదు. అందుకని సురూల్ ఖాన్ వాడా అనే పాత భవంతి లాంటి చోట్ల మొండిగోడల కింద నీడ బాగుందని టిఫిన్ డబ్బాలు విప్పొద్దు, వేళ్లు పట్టుకుని ఊగొద్దు. గడ్డిలో కాలు పెట్టేముందు కర్రతో తట్టండి. పాములు ఉండొచ్చు, అంతకంటే ఎక్కువగా గడ్డి కప్పేసిన గుంతలు ఉంటాయి. మంచినీటి కొలనులు రెండున్నాయి, కోట అన్నాళ్లు నిలిచిందంటే వాటి పుణ్యం కూడా. ఇప్పుడా నీళ్లు పచ్చగా ఉంటాయి. తాగొద్దు, అంచు మెట్లు దిగొద్దు. మనిషికో లీటరు నీళ్లు, టోపీ, దెబ్బలకి కట్టు కట్టే సామాను మీరే తెచ్చుకోండి. కాలు బెణికినా డాక్టరు దగ్గరికి పోవాలంటే ముందు పడవ ఎక్కాల్సిందే.

తిరిగి ఎక్కేటప్పుడు కూడా అదే మెట్టు, అదే అల. దిగేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకున్నవాళ్లు ఎక్కేటప్పుడు కబుర్లలో పడతారు. నా ఎడమ కాలి చెప్పు అక్కడే సముద్రంలోకి పోయింది. మురుద్ దాకా ఒంటి చెప్పుతో ఆటోలో వచ్చాను.