మడిలో వేసిన పరీక్ష నిజం చెప్పాలంటే

కొత్త మందు చల్లిన మడిలో ఎకరానికి నాలుగు బస్తాలు ఎక్కువ పండాయని ఎవరైనా చెప్పినప్పుడు, ఆ లెక్క కల్పించినదా అని అడగడానికి ముందు, పరీక్ష వేసినవారి కోరిక అందులోకి ఎక్కడ చొరబడిందో వెతకాలి. అంకెలు పుట్టించేవారు కొద్దిమందే. కోరుకున్న ఫలితం వైపు తెలియకుండానే మొగ్గేవారు చాలామంది.

నేనూ అలాగే మొగ్గాను. మార్టేరు పరిశోధన స్థానం 1982లో విడుదల చేసిన స్వర్ణ వరి రకం మీద ఒక సార్వాలో పరీక్ష వేస్తూ, మందు చల్లే మడిని బోదె పక్కన, దానితో పోల్చవలసిన మడిని మురుగు కాలువ వైపు ఎంచుకున్నాను. వానలకు మురుగు వైపు మడి రోజుల తరబడి మునిగింది. పెరిగిన దిగుబడిలో మందు వాటా ఎంతో, మునగకపోవడం వల్ల వచ్చినది ఎంతో విడదీసే దారి లేకపోయింది. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది, ఎందుకంటే ఆ అంకెలు నమ్మి ఇద్దరు రైతులు డబ్బు పెట్టారు.

అందువల్ల ఏ మడికి మందు అన్నది చీటీలు తీసి తేల్చండి. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ 1920లలో నేర్పిన పద్ధతి ఇదే. కనీసం నాలుగు జతల మడులు ఉండాలి. మందు లేని మడుల మీద కూడా అంతే నీరు పిచికారీ చేయాలి. డబ్బాల మీద గుర్తులు మాత్రమే ఉంచి, చల్లేవారికి, కోసేవారికి ఏది ఏదో తెలియకుండా చూడాలి.

కోత నాడే పక్షపాతానికి ఎక్కువ చోటు దొరుకుతుంది. అయిదు మీటర్ల చదరం కట్టేటప్పుడు చెయ్యి ఒత్తైన కుదుళ్ల వైపు పోతుంది; గట్టు వరసలు వదిలి, చదరం చోటు కూడా చీటీతోనే నిర్ణయించండి. పచ్చి ధాన్యం బరువు అలాగే రాసుకోకండి. 22 శాతం తేమతో 15 కిలోలు తూగిన ధాన్యం, 14 శాతం తేమకు లెక్కకట్టితే 13.6 కిలోలే.

ఏ కొలతతో ఫలితం తేల్చాలో ఊడ్పులకు ముందే పుస్తకంలో రాసి, తేదీ వేసి, ఇద్దరు సంతకం చేయండి. పిలకలు, కంకి పొడవు, గింజల సంఖ్య అంటూ 20 కొలతలు తీసుకుంటే, మందులో ఏ గుణమూ లేకపోయినా, 5 శాతం హద్దు ప్రకారం (కేవలం యాదృచ్ఛికంగా అంత తేడా వచ్చే అవకాశం నూటికి అయిదు లోపు ఉంటేనే దాన్ని నిజమైన తేడాగా తీసుకోవడం) సగటున ఒకటి కాకతాళీయంగానే బాగున్నట్టు కనిపిస్తుంది. ఎలుకలు కొట్టిన మడిని ఎంత నష్టం ఉంటే లెక్కలోంచి తీసేయాలో కూడా అప్పుడే రాయాలి.

ఆ పుస్తకాన్ని పదిలంగా దాచండి, కొట్టివేతలతో సహా. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో భౌతిక శాస్త్రవేత్త యాన్ హెండ్రిక్ షోన్ ఫలితాలు కల్పించిన మోసాన్ని 2002లో విచారించిన సంఘానికి ప్రయోగశాల పుస్తకాలు గానీ, అసలు కొలతల ఫైళ్లు గానీ దాదాపుగా దొరకలేదు. వేర్వేరు ప్రయోగాలవని అతడు చూపిన గ్రాఫుల్లో ఒకే గీతలు మళ్లీమళ్లీ ఉండటమే అతణ్ణి పట్టించింది.

మందు కంపెనీయే ఖర్చు పెడుతుంటే, ఫలితం ఎటు వచ్చినా వెల్లడించే హక్కు మనదేనని ఒప్పందంలో ముందే రాయించుకోవాలి. తేడా ఏమీ రాకపోతే, మందు గురించి మొదట ఎవరికి చెప్పామో ఆ రైతులకే ఆ మాటా చెప్పాలి, వచ్చే ఊడ్పులకు వాళ్లు డబ్బా కొనకముందే.