రైలు సిగ్నల్‌ను ఫోటో తీయడం, పోటీలో ఆ ఫోటోను తూచడం

వెనక గుత్తి కోట కొండ ఎంత ఠీవిగా నిలిచినా, ఆకాశంలో మేఘాలు ఎంత బాగా కుదిరినా, దీపం ఎరుపో పసుపో తేలని ఫోటో సిగ్నల్ ఫోటో అనిపించుకోదు. తీసేవారు ముందుగా చూసుకోవలసిందీ, పోటీలో న్యాయనిర్ణేతలు ముందుగా అడగవలసిందీ ఈ రంగు సంగతే.

నిలబడే చోటు రంగును చాలావరకు నిర్ణయిస్తుంది. సిగ్నల్ వెలుగు నాలుగు దిక్కులకూ సమానంగా పరచుకోదు. ఎదురుగా వచ్చే లోకో పైలట్ కంటికి తగిలేలా దాన్ని పట్టాల వెంబడి గురిపెడతారు కాబట్టి, పక్కనుంచి చూస్తే అది మసకబారుతుంది. రాయచూరు, బళ్ళారి, గుత్తి, డోన్ వైపు మార్గాలు కలిసే గుంతకల్లు వంటి జంక్షన్‌లోనైనా, చిన్న స్టేషన్‌లోనైనా, ప్లాట్‌ఫారం చివరి వాలు దిగకుండా దాని పైనే నిలిచి దూరపు దృశ్యాన్ని దగ్గరగా చూపే టెలిఫోటో లెన్స్‌తో స్టార్టర్ సిగ్నల్‌ను, అంటే రైలు స్టేషన్ విడిచి బయలుదేరడానికి అనుమతించే సిగ్నల్‌ను, చూడడం మేలు. కెమెరా బయటకు తీసే ముందు స్టేషన్ మాస్టర్ అనుమతి అడగాలి. పట్టాల మీదికి దిగడం 1989 నాటి రైల్వే చట్టంలోని 147వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల వరకు జైలు గానీ, వెయ్యి రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. పైన వెళ్ళే తీగల్లో 25 కిలోవోల్టుల విద్యుత్తు ఉంటుంది. వంతెన మీదనుంచి సెల్ఫీ కర్రనో, ట్రైపాడ్‌నో బయటికి చాపే ఆలోచనే పెట్టుకోకూడదు.

ఏది ఏ సిగ్నలో తెలిసి తీస్తే ఫోటోకు అర్థం చేకూరుతుంది. ఎరుపు ఆగమంటుంది, ఒంటి పసుపు, తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధపడి సాగమంటుంది, రెండు పసుపులు, తర్వాతి సిగ్నల్‌ను తగ్గించిన వేగంతో దాటడానికి సిద్ధంగా ఉండమంటాయి, ఆకుపచ్చ పూర్తి అనుమతి. రైలుగేటును కాచే సిగ్నల్ స్తంభానికి పసుపు పలక మీద నల్లని ‘జి’ అక్షరం ఉంటుంది. జంక్షన్ హోమ్ సిగ్నల్ (రైలును స్టేషన్‌లోకి రానిచ్చేది) నెత్తిన వాలుగా వెలిగే తెల్ల దీపాల వరుస, రైలు ఏ దారిన మళ్ళుతుందో చెబుతుంది. ఆ వరుస, కింది రంగు దీపం ఒకే ఫ్రేములో స్పష్టంగా పడిన చిత్రం నాకు ఎంత పెద్ద సూర్యాస్తమయం కన్నా విలువైనది.

ఇక ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలోకి ఎంత వెలుగు రానివ్వాలన్నది. ఎక్కువ ఫోటోలు ఇక్కడే చెడతాయి. కెమెరా తనంతట తాను లెక్కవేస్తే, చీకటి నేపథ్యాన్ని చూసి వెలుగు పెంచేస్తుంది. సెన్సర్‌లో ఎరుపు నిండిపోయిన తర్వాత ఆకుపచ్చ వాటా పెరుగుతూ, ఎర్రని దీపం నారింజగా, పసుపుగా, చివరికి తెల్లని మచ్చగా మారుతుంది. అందువల్ల కెమెరాను మాన్యువల్‌లో పెట్టి, రంగుల తీరును సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ‘డేలైట్’ మీద స్థిరపరచి, కెమెరా దిద్దని ముడి రూపమైన ర్యా (RAW) ఫైలుగా తీసి, వెలుగు పాళ్ళను చూపే హిస్టోగ్రామ్ పటంలో ఎరుపు గీతను విడిగా చూసుకోవాలి. మంచి ఎండలో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్/8 (లెన్స్ రంధ్రం కొలత), 1/800 సెకను షట్టర్‌తో మొదలుపెట్టవచ్చు. కొన్ని ఎల్ఈడీ దీపాలు కంటికి తెలియనంత వేగంగా మినుకుమంటాయి కాబట్టి, అంత వేగమైన షట్టర్‌కు ఒక ఫ్రేములో వెలిగినట్టు, మరో ఫ్రేములో ఆరినట్టు కనిపిస్తే, ట్రైపాడ్ వేసి 1/100 సెకను, ఎఫ్/22కు మారాలి. చిత్రంలోకి వచ్చే వెలుగు మొత్తం అంతే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం కంకర మీది వేడిగాలి అల్లాడి దూరపు సిగ్నల్‌ను కరిగిస్తుంది. దానికి ఏ ఖరీదైన లెన్సూ మందు కాదు, తెల్లవారుజామునే వెళ్ళాలి. సాయంత్రమైతే పొద్దు కుంకిన తర్వాత 15 నుంచి 25 నిమిషాల వరకు ఆకాశం, దీపం దాదాపు సమానంగా వెలుగుతాయి.

పోటీకి వచ్చిన ఫోటోలను పేర్లు తొలగించి, ఒకే తెర మీద, ఒకే వెలుగులో చూపాలి. మొదటిసారి మార్కులు వేయకుండా అన్నింటినీ చూసేయాలి. లేకపోతే మొదట వచ్చినవి తక్కువకు, చివరివి ఎక్కువకు పోవడమో, దానికి తిరుగబడడమో జరుగుతుంది. తర్వాత ఎవరికి వారు విడిగా 20 మార్కులకు వేయాలి: సిగ్నల్ స్పష్టతకు 8, వెలుగు, కూర్పులకు 7, ఊరి జాడ తెలిపినందుకు 5. ముందే మాట్లాడుకుంటే గట్టిగా మాట్లాడేవారి అభిప్రాయమే అందరిదీ అవుతుంది కనుక, మార్కుల మధ్య తేడా మరీ పెద్దదైన చోట మాత్రమే చర్చించాలి. బంధువుల ఫోటో ఉన్న న్యాయనిర్ణేత ఆ విభాగం నుంచి తప్పుకోవాలి.

చివరి వరుసకు చేరినవాటికి అసలు ఫైళ్ళు తెప్పించుకుని చూడాలి. ఇంజను సిగ్నల్‌ను దాటగానే అది మామూలుగా ఎరుపుకు తిరుగుతుంది. కాబట్టి ఏడో, ఎనిమిదో పెట్టె పక్కన అదే మార్గపు స్టార్టర్ ఆకుపచ్చగా వెలుగుతుంటే, అది పక్క మార్గానిదా, లేక రంగు దిద్దిందా అని అడగాలి. పలక మీది అక్షరం తిరగబడితే ఫోటోను అద్దంలోలా తిప్పారని అర్థం. పట్టాల మధ్యనుంచి తీసినట్టున్న చిత్రాన్ని చూడగానే తోసివేయడం న్యాయం కాదు, ఎందుకంటే గేటు దగ్గర దారి మీద నిలిచి టెలిఫోటోతో తీసినా అలాగే కనిపిస్తుంది. ఎక్కడ నిలిచారని రాతపూర్వకంగా అడిగి, పట్టాల మీదికి దిగి తీశారని తేలితే ఎంత గొప్ప ఫోటో అయినా బహుమతి ఇవ్వకూడదు. ఈ నిబంధనను ప్రవేశపత్రంలోనే అచ్చువేయాలి, తిరస్కరించిన ప్రతి ఫోటోకూ కారణాన్ని ఒక్క వాక్యంలో రాసి పంపాలి.